వై-ఫై ప్రింటర్ నిన్న బానే ఉంది, ఇవాళ ఆఫ్‌లైన్: ఎక్కడ వెతకాలి?

ఇంట్లో వై-ఫై ప్రింటర్ మొరాయించగానే చాలామంది చేసే మొదటి పని డ్రైవర్ తీసేసి మళ్లీ ఎక్కించడం. గంట పోతుంది, సమస్య మాత్రం అక్కడే ఉంటుంది. నన్నడిగితే డ్రైవర్ జోలికి చిట్టచివర వెళ్లాలి. ముందు తేల్చుకోవాల్సినవి రెండే. ప్రింటరూ, ప్రింట్ ఇచ్చే ఫోనో ల్యాప్‌టాపో ఒకే నెట్‌వర్క్‌లో ఉన్నాయా? కంప్యూటర్ గుర్తుపెట్టుకున్న ప్రింటర్ అడ్రస్ ఇప్పటికీ అదేనా?

ఇవి తేలాలంటే ప్రింటర్ నుంచి నెట్‌వర్క్ రిపోర్ట్ ఒకటి తీయండి. స్క్రీన్ ఉన్న ప్రింటర్లలో సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ కింద దొరుకుతుంది. స్క్రీన్ లేనివాటిలో ఒకటి రెండు బటన్లు కలిపి నొక్కాలి, ఏవన్నది మాన్యువల్‌లో ఉంటుంది. ఆ కాగితం మీద వై-ఫై పేరు, ఐపీ అడ్రస్ (నెట్‌వర్క్‌లో ప్రింటర్‌కి రౌటర్ ఇచ్చే నంబర్), మ్యాక్ అడ్రస్ (ప్రింటర్‌కి తయారీలోనే వచ్చిన గుర్తింపు నంబర్) చూడండి. ఐపీ 169.254తో మొదలైతే రౌటర్ నుంచి దానికి అడ్రస్ రాలేదని అర్థం. 0.0.0.0 అని ఉంటే అసలు కనెక్టే కాలేదు. జియోఫైబర్ ఇళ్లలో మామూలుగా 192.168.29తో మొదలవుతుంది, మిగతా చోట్ల ఎక్కువగా 192.168.1 లేదా 192.168.0 కనిపిస్తుంది. కాగితం పారేయకండి, దీంతో ఇంకా పని ఉంది.

సెటప్‌లో మన వై-ఫై పేరే కనపడటం లేదు

ఇళ్లలో వాడే ఇంక్‌జెట్ ప్రింటర్లలో చాలావాటికి 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై ఒక్కటే అందుతుంది. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ వాటి కంటికి ఆనదు. ఇప్పటి రౌటర్లు రెండు బ్యాండ్లకీ ఒకటే పేరు పెట్టి, ఫోన్‌ని 5 వైపు నెడతాయి. దాంతో సెటప్ యాప్ కూడా తికమకపడుతుంది. రౌటర్ పేజీలోకి (బ్రౌజర్‌లో తెరుచుకునే దాని సెట్టింగ్స్ పేజీ) వెళ్లి రెండు బ్యాండ్లకీ వేరు వేరు పేర్లు పెట్టండి. అది కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్‌ని కాసేపు ఆపి ప్రింటర్‌ని చేర్చి, మళ్లీ ఆన్ చేయండి. ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది, ఫోన్ కూడా ఎప్పుడూ 2.4లోనే ఉండాలేమో అని. అక్కర్లేదు. ఒకే రౌటర్ రెండు బ్యాండ్లూ మామూలుగా ఒకే నెట్‌వర్క్. ప్రింటర్ ఒకసారి చేరాక ఫోన్ ఎందులో ఉన్నా ప్రింట్ వస్తుంది.

2.4 ఆన్‌లోనే ఉన్నా పేరు రాకపోతే రౌటర్ ఛానెల్ చూడండి. ‘ఆటో’లో ఉంటే ఒక్కోసారి 12, 13 ఛానెళ్లకు వెళ్లిపోతుంది. అవి కొన్ని ప్రింటర్లకు కనపడవు. 1, 6, 11లో ఒకటి ఖాయం చేయండి.

పేరు కనపడుతోంది, పాస్‌వర్డ్ కూడా సరిగ్గానే కొట్టారు, అయినా చేరడం లేదా? రౌటర్‌లో వై-ఫై సెక్యూరిటీ రకం ‘డబ్ల్యూపీఏ3’ మాత్రమే అని పెట్టి ఉండొచ్చు. పాత ప్రింటర్లకు అది తెలియదు. ‘డబ్ల్యూపీఏ2/డబ్ల్యూపీఏ3’ కలిపి ఉన్న ఆప్షన్‌కి మార్చండి. పాస్‌వర్డ్ కొట్టకుండా కలిపే డబ్ల్యూపీఎస్ బటన్‌తో కలుపుతుంటే రౌటర్ మీద నొక్కిన రెండు నిమిషాల్లోపు ప్రింటర్ మీద కూడా నొక్కాలి.

‘ప్రింటర్ ఆఫ్‌లైన్’ అంటోంది

అందరినీ ఎక్కువగా విసిగించేది ఇదే. వై-ఫై లైట్ నిలకడగా వెలుగుతుంటుంది, ఇంక్ ఉంది, కాగితం ఉంది. కంప్యూటర్ మాత్రం ఆఫ్‌లైన్ అంటుంది.

మన దగ్గర దీనికి ఎక్కువసార్లు కారణం కరెంటు. కరెంటు పోయి వచ్చాక రౌటర్ మళ్లీ లేస్తుంది. ఏ అడ్రస్ ఎవరికి ఇచ్చిందో ఆ లెక్క కొన్ని రౌటర్లు అప్పటికి మర్చిపోతాయి. నిన్నటిదాకా ప్రింటర్‌కి ఉన్న 192.168.29.105ని ఇవాళ టీవీ పట్టుకుంటుంది, ప్రింటర్‌కి 108 వస్తుంది. ల్యాప్‌టాప్‌కి ఈ సంగతి తెలియక మీ ఆధార్ కాపీని పాత అడ్రస్‌కే పంపిస్తుంది. టీవీకి ప్రింట్ సంగతేం తెలుసు? జవాబు రాక విండోస్ ‘ఆఫ్‌లైన్’ అని తేల్చేస్తుంది.

ఒక్క పరీక్షతో సగం అనుమానాలు తీరిపోతాయి. నెట్‌వర్క్ రిపోర్ట్ మళ్లీ తీసి, అందులో ఉన్న ఇవాళ్టి ఐపీని ల్యాప్‌టాప్ బ్రౌజర్‌లో అడ్రస్ కొట్టే చోట కొట్టండి. చాలా ప్రింటర్లకు సొంతంగా ఒక చిన్న వెబ్ పేజీ ఉంటుంది, ఇంక్ ఎంత ఉందో చూపించేది. అది తెరుచుకుంటే దారి బానే ఉన్నట్టు, తప్పు విండోస్‌లో ఉంది. తెరుచుకోకపోతే నెట్‌వర్క్‌లో వెతకాలి, విండోస్‌ని కెలికి లాభం లేదు.

పేజీ తెరుచుకుందనుకుందాం. విండోస్ సెట్టింగ్స్‌లో ప్రింటర్ ప్రాపర్టీస్ తెరిచి ‘పోర్ట్స్’ ట్యాబ్ చూడండి. ప్రింట్‌ని విండోస్ ఏ దారిలో పంపాలో చెప్పేదే పోర్ట్. టిక్ ఉన్న పోర్ట్‌లో పాత అడ్రస్ ఉంటే ‘యాడ్ పోర్ట్’ నొక్కి ‘స్టాండర్డ్ టీసీపీ/ఐపీ పోర్ట్’ ఎంచుకుని కొత్త ఐపీ ఇవ్వండి. పోర్ట్ పేరు ‘డబ్ల్యూఎస్‌డీ’తో మొదలైనా ఇదే పని చేయండి. ఆ రకం పోర్ట్ ప్రింటర్‌ని తనంతట తాను వెతుక్కుంటుంది కానీ, ప్రింటర్ నిద్రపోయి లేచాక తరచూ దారి తప్పుతుంది. అడ్రస్ సరిగ్గా ఉండి కూడా ఆఫ్‌లైన్ అంటుంటే అక్కడే ‘కాన్ఫిగర్ పోర్ట్’లో ‘ఎస్‌ఎన్‌ఎంపీ స్టేటస్ ఎనేబుల్డ్’ (ప్రింటర్ స్థితిని విండోస్ అడిగి తెలుసుకునే పద్ధతి) టిక్ తీసేయండి. క్యూ (ప్రింట్ కోసం వేచి ఉన్నవాటి వరస) విండో మెనూలో ‘యూజ్ ప్రింటర్ ఆఫ్‌లైన్’కి ఎవరైనా టిక్ పెట్టి వదిలేశారేమో అది కూడా చూడండి.

ఇంతటితో ఆపితే మళ్లీ కరెంటు పోయినప్పుడు ఇదే కథ. రౌటర్ పేజీలో డీహెచ్‌సీపీ (రౌటర్ అడ్రస్‌లు పంచే పద్ధతి) కింద ‘అడ్రస్ రిజర్వేషన్’ అనో ‘స్టాటిక్ లీజ్’ అనో ఉంటుంది. అక్కడ రిపోర్ట్‌లో ఉన్న మ్యాక్ అడ్రస్ ఇచ్చి, ఈ ఐపీ ప్రింటర్‌కే అని రాసిపెట్టేయండి. ఆ ఆప్షన్ లేకపోతే ప్రింటర్‌లోనే ఐపీని చేత్తో పెట్టవచ్చు, కానీ రౌటర్ పంచే శ్రేణికి బయట ఉన్న నంబర్ ఎంచుకోవాలి. ఐపీలో ఆఖరి నంబర్ శ్రేణి 2 నుంచి 200 దాకా అయితే 210 పెట్టండి. లోపలి నంబర్ పెడితే ఏదో ఒక రోజు ఇంకో ఫోన్‌కి కూడా అదే వచ్చి రెండూ కొట్టుకుంటాయి.

ఫోన్ నుంచి వస్తోంది, ఆఫీస్ ల్యాప్‌టాప్ నుంచి రావడం లేదు

వీపీఎన్, అంటే ల్యాప్‌టాప్‌ని ఆఫీస్ నెట్‌వర్క్‌కి కలిపే రహస్య దారి. ఇంటి నుంచి పనిచేసేవాళ్ల ఇళ్లలో ముందు అనుమానించాల్సింది దీన్నే. వీపీఎన్ ఆన్‌లో ఉంటే చాలా కంపెనీల సెట్టింగ్స్ ప్రకారం ల్యాప్‌టాప్‌కి ఇంటి నెట్‌వర్క్ కనపడదు. ఆపి ప్రింట్ ఇచ్చి మళ్లీ కనెక్ట్ అవ్వండి. ఆపడానికి లేకపోతే యూఎస్‌బీ కేబుల్ ఉంది, అదీ కంపెనీ ఒప్పుకుంటేనే. సొంత ల్యాప్‌టాప్‌లో ఇదే జరుగుతుంటే వై-ఫై ప్రొఫైల్ ‘పబ్లిక్’లో ఉందేమో చూసి ‘ప్రైవేట్’కి మార్చండి.

కింద వస్తోంది, పై అంతస్తులో రావడం లేదు

పైన సిగ్నల్ అందక ఇంకో రౌటర్ కొని, కింద నుంచి కేబుల్ లాగి, దాని వ్యాన్ పోర్ట్‌లో (బయటి ఇంటర్నెట్ కేబుల్ పెట్టే చోటు) గుచ్చి ఉంటారు. నెట్ వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. నిజానికి పైన వేరే నెట్‌వర్క్ తయారైంది. పైనున్న ఫోన్ ఐపీ 192.168.0తో, ప్రింటర్ ఐపీ 192.168.1తో మొదలవుతుంటే సంగతి అదే. రెండో రౌటర్‌ని, సిగ్నల్ మాత్రమే పంచే ‘యాక్సెస్ పాయింట్’ మోడ్‌లోకి మార్చండి, ఇల్లంతా ఒకటే నెట్‌వర్క్ అవుతుంది. చుట్టాలకని పెట్టిన గెస్ట్ వై-ఫైలో ఉన్నవాళ్లకు కూడా ప్రింటర్ దొరకదు. అది పొరపాటు కాదు, గెస్ట్ నెట్‌వర్క్ ఉండేదే అందుకు. మెయిన్ వై-ఫైలో ఉన్నా ఒక పరికరానికి ఇంకోటి కనపడకపోతే రౌటర్‌లో ‘ఏపీ ఐసోలేషన్’ ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి.

ఫోన్‌కి ప్రింటర్ దొరకడం లేదు

ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్‌లో ‘ప్రింటింగ్’ అని వెతికి, డిఫాల్ట్ ప్రింట్ సర్వీస్ ఆన్ చేయండి. అయినా రాకపోతే అక్కడే ‘యాడ్ ప్రింటర్’లో ఐపీ కొట్టవచ్చు. ఐఫోన్‌కి ఎయిర్‌ప్రింట్ (ఆపిల్ సొంత ప్రింట్ పద్ధతి) ఉన్న ప్రింటర్ అయితే యాప్ ఏదీ అక్కర్లేదు. పాత వీడియోల్లో చెప్పే గూగుల్ క్లౌడ్ ప్రింట్ (ఇంటర్నెట్ ద్వారా ప్రింట్ ఇచ్చే సేవ) కోసం వెతక్కండి, 2020 డిసెంబర్ 31తో దాన్ని మూసేశారు.

ప్రింట్ వస్తోంది కానీ ఫోన్‌లో నెట్ పోతోంది అంటే, మీరు చేరింది ‘డైరెక్ట్’ అనే పేరుతో ప్రింటర్ వదిలే సొంత వై-ఫైలో. దాన్ని ‘ఫర్గెట్’ చేసి ఇంటి వై-ఫైకి వచ్చేయండి.

క్యూలో ఇరుక్కుపోయింది, డిలీట్ కూడా కావడం లేదు

విండోస్ సర్వీసెస్ తెరిచి, ప్రింట్‌లను వరసలో పెట్టే ‘ప్రింట్ స్పూలర్’ ఆపండి. సి డ్రైవ్‌లో విండోస్, సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ అనే వరసలో లోపలికి వెళ్లి, ఆఖరి ఫోల్డర్‌లోని ఫైళ్లు మాత్రం తీసేయండి, ఫోల్డర్‌ని ముట్టుకోకండి. స్పూలర్ మళ్లీ స్టార్ట్ చేయండి.

నెట్ కనెక్షన్ మార్చాక ప్రింటర్ పోయింది

కొత్త ఫైబర్ పెట్టిన అబ్బాయి కొత్త పేరు, కొత్త పాస్‌వర్డ్ పెట్టి వెళ్తాడు. ప్రింటర్ పాత పేరు కోసమే వెతుకుతూ ఉంటుంది. ప్రింటర్‌ని రీసెట్ చేసి మొదటి నుంచి కలపవచ్చు. హెచ్‌పీ డెస్క్‌జెట్ లాంటివి రీసెట్ చేశాక రెండు గంటలే సెటప్ మోడ్‌లో ఉంటాయి, తర్వాత మళ్లీ రీసెట్ చేయాల్సిందే. అంతకంటే తేలిక దారి ఇంకోటి ఉంది. కొత్త రౌటర్‌కి పాత వై-ఫై పేరు, పాస్‌వర్డే అక్షరం పొల్లుపోకుండా పెట్టించండి, సెక్యూరిటీ రకం కూడా పాతదే ఉంచమనండి. ప్రింటర్, టీవీ, ఫోన్లు అన్నీ వాటంతట అవే చేరిపోతాయి. విండోస్ పోర్ట్‌లో ఐపీ మాత్రం ఒకసారి మార్చుకోవాలి, కొత్త రౌటర్‌లో రిజర్వేషన్ కూడా మళ్లీ రాయాలి.