గజ్జె కట్టే ముందు మనసు జాగ్రత్తలు

నెల్లూరు టౌన్‌హాల్ అయినా, ఊళ్లో తిరునాళ్ల స్టేజీ అయినా, కూచిపూడి ఆటకు ముందు ఇవి చూసుకోండి.

రెండు గంటల ముందే రెండిడ్లీలు తినేయండి. ఖాళీ కడుపు దడను కూడా భయమే అనుకుంటాం.

మేకప్‌కు కూర్చునేటప్పుడే ఫోన్ ఇంట్లోవాళ్ల చేతికివ్వండి.

కరుణ రసం ఉంటే ఆ ఘట్టాన్ని గ్రీన్‌రూమ్‌లో పూర్తిగా అభినయించొద్దు. నిజంగా ఏడుపొస్తే గొంతు పట్టేస్తుంది, ఊపిరి తెగుతుంది, కాటుక చెంపల మీదికి జారుతుంది. వెనకే వచ్చే జతికి, అంటే తాళానికి వేసే అడుగుల వరుసకు, కాళ్లు బరువెక్కుతాయి. చూపు, కనుబొమలు, మెడ ఎక్కడ మారాలో మాత్రం అద్దంలో ఒకసారి చూసుకుంటే చాలు. ఏడవాల్సింది ప్రేక్షకులు, మనం కాదు.

చేతులు వణికితే నాలుగు లెక్కల్లో ఊపిరి పీల్చి, ఆరు లెక్కల్లో వదలండి. ఐదుసార్లు. వణుకు పూర్తిగా పోదు, పోనక్కర్లేదు.

అడుగు తప్పితే ఏం చేయాలో నట్టువాంగం చేసేవారితో (తాళాలు వాయిస్తూ ఆటను నడిపించేవారితో) ముందే మాట్లాడుకోండి: తాళం వదలకుండా తెలిసిన అడుగేదో వేస్తూ ఉండాలి, పల్లవి రాగానే అందుకోవాలి. నాలుక కరుచుకోవడం, తల అడ్డంగా ఊపడం వద్దు. తప్పు జరిగిందని ముందు వరుసకు చెప్పేది అవే.

తరంగం (పళ్లెం అంచు మీద నిలబడి ఆడే అంశం) ఉంటే ఇత్తడి పళ్లెం అంచును పొడిగుడ్డతో తుడవండి. చెమట పాదం జారుతుంది.

స్టేజీ దిగాక పది నిమిషాలపాటు మీ ఆట వీడియో చూడొద్దు.