ఎర్ర బిళ్ల ఒక పూట, తెల్ల బిళ్ల ఇంకో పూట: గర్భిణికి కాల్షియం ఎలా ఇవ్వాలి

గర్భిణి ఉన్న ఇంట్లో రెండు రకాల బిళ్లలు ఉంటాయి. ఎర్రది ఐరన్, తెల్లది కాల్షియం. ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం, ఊరు ఏదైనా, గర్భిణులకు పరీక్షలు చేసి మందులిచ్చే మమతా దినం నాడు ఈ రెండూ ఒకేసారి చేతికొస్తాయి. ఇంటికొచ్చాక ఒకే డబ్బాలో పడి, చాలాసార్లు ఒకే గుక్క నీళ్లతో కడుపులోకి పోతాయి. తేడా వచ్చేది అక్కడే. పేగులోంచి ఐరన్ రక్తంలోకి వెళ్లే దారికి కాల్షియం అడ్డుపడుతుంది. రెండూ కలిపి మింగితే, రోజూ బిళ్ల వేసుకుంటున్నా రక్తం పెరగాల్సినంత పెరగదు. మూడు నెలలుగా వాడుతున్నా హిమోగ్లోబిన్ తొమ్మిది దాటలేదంటే, మందు మార్చమనే ముందు ఏ పూట ఏది వేసుకుంటున్నారో చూసుకోవాలి.

ఎంత, ఎప్పటి నుంచి

కేంద్ర ఆరోగ్య శాఖ 2014లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం 14వ వారం నుంచి కాన్పు దాకా రోజుకు రెండు కాల్షియం బిళ్లలు, కాన్పయ్యాక పాలిచ్చే ఆరు నెలలు మళ్లీ రోజుకు రెండు వేసుకోవాలి. ఒక్కో బిళ్లలో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల విటమిన్ డి3 ఉంటాయి. నెలకు 60, కాన్పు దాకా 360, ఆ తర్వాత ఇంకో 360. మొదటి మూడు నెలల్లో కాల్షియం బిళ్ల తొందర లేదు, అప్పుడు కావలసింది ఫోలిక్ యాసిడ్.

పుట్టేనాటికి బిడ్డ ఎముకల్లో సుమారు 30 గ్రాముల కాల్షియం చేరుతుంది. అందులో ఎక్కువ భాగం చివరి మూడు నెలల్లోనే వెళ్తుంది, నెలలు నిండే సరికి రోజుకు 250 నుంచి 300 మిల్లీగ్రాముల దాకా. దానికి తగ్గట్టు తల్లి పేగు కూడా మామూలుగా కన్నా దాదాపు రెట్టింపు కాల్షియం పీల్చుకుంటుంది. తిండిలో అసలు లేకపోతే మాత్రం ఎంత పీల్చినా వచ్చేదేముంది? అప్పుడు తల్లి ఎముకల్లోంచే పోతుంది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకే తల్లి అయ్యే పిల్లకు తన ఎముకలే ఇంకా గట్టిపడుతూ ఉంటాయి కాబట్టి ఆమె దగ్గర బిళ్లలు తప్పకుండా చూసుకోవాలి. పళ్లు కదిలితే 'కాల్షియమంతా బిడ్డ లాగేసింది' అంటారు గానీ, పళ్లలోని కాల్షియం కరిగి బిడ్డకు పోదు. గర్భంలో చిగుళ్లు వాచి రక్తం కారడం వల్ల పళ్లు వదులవుతాయి. దానికి బిళ్ల పనిచేయదు, పళ్ల డాక్టరుకు చూపించాలి.

అయితే సర్కారు ఈ బిళ్లలు ఇచ్చేది ఎముకల కోసమొక్కటే కాదు. కాల్షియం తక్కువ తినే ఆడవాళ్లలో గర్భంలో బీపీ పెరిగి వచ్చే గుర్రపు వాతం (ఫిట్స్) ముప్పు ఎక్కువ. రక్తంలో కాల్షియం తగ్గితే, దాన్ని సరిచూసే పారాథైరాయిడ్ గ్రంథి చురుకవుతుంది, రక్తనాళాల గోడల్లోని కండరం బిగుసుకుంటుంది, బీపీ ఎక్కుతుంది. కాల్షియం అందితే ఆ ముప్పు తగ్గుతుంది. పూర్తిగా పోతుందని మాత్రం కాదు. బీపీ 140/90 దాటినా, బిళ్లకు తగ్గని తలనొప్పి వచ్చినా, కళ్లు మసకబారినా, పక్కటెముకల కింద పొట్ట పైభాగంలో నొప్పి వచ్చినా, ముఖం చేతులు ఒక్కసారిగా ఉబ్బినా అది కాల్షియంతో సర్దుకునే వ్యవహారం కాదు. 102కో 108కో ఫోన్ చేసి అదే రోజు ఆసుపత్రికి పోవాలి.

2024లో వెలువడిన ఒక పెద్ద పరిశోధనలో బెంగళూరులోనూ టాంజానియాలోనూ కలిపి 22 వేల మంది గర్భిణులను చూశారు. బీపీ జబ్బు విషయంలో రోజుకు 500 మిల్లీగ్రాములు తీసుకున్నవాళ్లు, 1500 తీసుకున్నవాళ్లకు తీసిపోలేదు. మన దగ్గర లెక్క ఇప్పటికీ రోజుకు రెండే, కాబట్టి రెండూ వేసుకోవాలి. కానీ ఒక పూట మరిచిపోతే కంగారుపడి మర్నాడు మూడు నాలుగు కలిపి మింగడం అనవసరం. పేగు ఒక్కసారికి 500 కంటే ఎక్కువైతే సరిగా పీల్చుకోదు. తప్పిన బిళ్లను వదిలేయండి.

బిళ్లల వేళలు

కాల్షియం ఎప్పుడూ తిన్న వెంటనే వేసుకోవాలి. సర్కారు బిళ్లలో ఉండేది కాల్షియం కార్బోనేట్. అది కరగాలంటే కడుపులో ఆమ్లం ఊరాలి, ఆమ్లం ఊరేది తిండి పడ్డాక. పరగడుపున వేసుకుంటే సగం కరగదు, పైగా కడుపు ఉబ్బరం. ఐరన్‌కు, కాల్షియంకు మధ్య కనీసం రెండు గంటలు ఎడం ఉండాలి.

ఇంటి పట్టున ఉండేవాళ్లకు ఇలా కుదురుతుంది. ఉదయం ఎనిమిదింటికి టిఫినో చద్దన్నమో తిని ఒక కాల్షియం. మధ్యాహ్నం ఒంటిగంటకు అన్నం. మూడింటికి నిమ్మరసం పిండిన నీళ్లతో ఐరన్. రాత్రి ఎనిమిదింటికి అన్నం తిని రెండో కాల్షియం.

పొలానికో పనికో పోయేవాళ్లు మూడింటికి ఎర్ర బిళ్ల వేసుకోవడం అయ్యే పని కాదు. వాళ్లు ఉదయం అంబలి తాగి ఒక కాల్షియం, మధ్యాహ్నం క్యారేజీ తిన్నాక ఇంకోటి వేసుకుని, ఐరన్‌ను రాత్రి పడుకునే ముందు, అన్నం తిన్న రెండు గంటలకు వేసుకోవాలి. ఐరన్‌తో కడుపులో తిప్పేవాళ్లకూ ఇదే నయం, తిప్పేలోగా నిద్ర పడుతుంది. క్యారేజీ గిన్నె మూత లోపల బిళ్ల పెడితే ఆవిరికి మెత్తబడుతుంది. స్ట్రిప్పును ఒక బిళ్ల మేర కత్తిరించి కొంగుకు ముడేసుకుంటే చాలు.

ఐరన్ వేసుకునే వేళకు టీ, పాలు కూడా దగ్గరకు రాకూడదు. మూడింటికి బిళ్ల, మూడుంపావుకు టీ అన్నది ఇళ్లలో చాలా మామూలు తప్పు. థైరాయిడ్ బిళ్ల వాడేవాళ్లు దానికీ కాల్షియానికీ నాలుగు గంటలు ఎడం ఉంచాలి. పొద్దున్న ఆరింటికి థైరాయిడ్ బిళ్ల వేసుకుంటే కాల్షియం పదింటి తర్వాతే. వాళ్లకు మధ్యాహ్నం, రాత్రి కాల్షియం పెట్టుకోవడం సుఖం, ఐరన్ సాయంత్రం నాలుగింటికి జరుపుకోవచ్చు.

బయట కొనేటప్పుడు స్ట్రిప్పు వెనక ఏం చూడాలి

బిళ్లలు అయిపోయి మందుల షాపుకు వెళ్తే పెద్ద అక్షరాల్లో 500 అని కనిపిస్తుంది. అది దేని 500? వెనక చిన్న అక్షరాల్లో 'కాల్షియం కార్బోనేట్ 1250 మి.గ్రా., ఎలిమెంటల్ కాల్షియం 500 మి.గ్రా.కు సమానం' అని ఉంటే సరైనదే. కార్బోనేటే 500 అని ఉంటే అందులో అసలు కాల్షియం 200 మాత్రమే, ఎందుకంటే కార్బోనేట్ బరువులో వంద పాళ్లకు నలభయ్యే కాల్షియం. కాల్షియం సిట్రేట్ అనే ఇంకో రకం అయితే ఇరవై ఒకటే, వెయ్యి మిల్లీగ్రాముల సిట్రేట్ బిళ్లలో 210 ఉంటుంది. గ్యాస్ బిళ్లలు రోజూ వాడేవాళ్లకు, కార్బోనేట్‌తో మలబద్ధకం భరించలేనివాళ్లకు సిట్రేట్ మంచిదే, అది తిండి లేకపోయినా కరుగుతుంది. ఖరీదెక్కువ, బిళ్లలూ ఎక్కువ వేసుకోవాలి.

పాత స్ట్రిప్పు మీద అనుమానముంటే ఒక కార్బోనేట్ బిళ్లను అరగ్లాసు వెనిగర్‌లో వేసి అప్పుడప్పుడు కలుపుతూ అరగంట చూడండి. బుడగలొచ్చి విడిపోతే కడుపులోనూ విడిపోతుంది. అరగంటయినా రాయిలాగే ఉంటే ఆ స్ట్రిప్పు పారేయండి.

ఇంకో చిక్కు రెండు చోట్ల చూపించుకునేవాళ్లది. ఇక్కడ ఆశా కార్యకర్త ఇచ్చిన బిళ్లలుంటాయి, స్కానింగ్‌కని శ్రీకాకుళమో విశాఖపట్నమో వెళ్తే అక్కడి డాక్టరు వేరే పేరుతో అదే కాల్షియం రాస్తారు. పేర్లు వేరు కాబట్టి రెండూ వేసుకుంటారు. తిండీ బిళ్లలూ కలిపి రోజుకు 2500 మిల్లీగ్రాములు దాటకూడదు. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లు ఆ సంగతి చెప్పకుండా కాల్షియం మొదలుపెట్టకూడదు.

తిండి

గర్భిణికి రోజుకు 1000, పాలిచ్చే తల్లికి 1200 మిల్లీగ్రాముల కాల్షియం కావాలని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్క. గ్లాసు పాలలో, అంటే 200 మిల్లీలీటర్లలో, సుమారు 240 ఉంటుంది. పెరుగులోనూ దాదాపు అంతే, మజ్జిగ పల్చన చేసే కొద్దీ తగ్గుతుంది. గుడ్డు మంచి తిండే గానీ కాల్షియం కోసం కాదు, ఒక్కోదాంట్లో 30 కూడా ఉండదు.

మన వైపు అసలు బలం చోళ్లు, అంటే రాగులు. ఒడియావాళ్లు మాండియా అంటారు. వంద గ్రాముల పిండిలో 360 మిల్లీగ్రాముల పైనే కాల్షియం ఉంటుంది, బియ్యంలో పది కూడా ఉండదు. అయితే చెంబెడు అంబలికి పట్టేది 30 గ్రాముల పిండే, అంటే 110. అంబలొక్కటే నమ్ముకుంటే చాలదు. చోళ్లలో ఉండే ఫైటేట్ అనే పదార్థం ఆ కాల్షియాన్ని కొంత పట్టి ఉంచుతుంది కూడా. దాన్ని విడిపించాలంటే మొలకెత్తించాలి. చోళ్లు కడిగి పన్నెండు గంటలు నానబెట్టి, నీళ్లు వంచి, తడి గుడ్డలో మూటకట్టి ఒకటిన్నర రోజు ఉంచండి. చలికాలం కోరాపుట్ వైపు రెండు రోజులు పడుతుంది. ఉదయం, సాయంత్రం గుడ్డ తడపాలి గానీ మూట అడుగున నీళ్లు నిలవకూడదు, నిలిస్తే పులుపు వాసనొస్తుంది, బూజు పడితే మొత్తం పారేయాల్సిందే. అర అంగుళం మొలక రాగానే పల్చగా పరిచి ఎండబెట్టి, సన్నని సెగ మీద కమ్మని వాసన వచ్చేదాకా వేయించి మర పట్టించండి. వాన రోజుల్లో ఎండ చాలకపోతే వారానికి సరిపడా మాత్రమే చేసుకోవడం మేలు.

తోటకూర, మునగాకు ఆకుల్లో మంచివి, వంద గ్రాముల్లో మూడు వందల పైచిలుకు. పాలకూరలో ఉన్నా, దాన్ని పట్టి ఉంచే ఆక్సలేట్ అనే పదార్థం వల్ల ఒంటికి పట్టేది చాలా కొద్ది. ఎండు మెత్తళ్లు ముళ్లతో సహా నమిలి తింటే కాల్షియం బాగా దొరుకుతుంది. ఉప్పు ఎక్కువ కాబట్టి వేడినీళ్లలో పది నిమిషాలు నానబెట్టి, రెండుసార్లు కడిగి వండాలి. నువ్వుల చిమ్మిలి ఒక ఉండ, 20 గ్రాముల నువ్వులతో చేసినది, కాగితం మీద 200 దాటుతుంది. నువ్వులు వేడి, గర్భం పోతుందని పెద్దవాళ్లు వద్దంటారు. రోజుకో ఉండకు అలాంటి భయమేమీ అక్కర్లేదు.

విటమిన్ డి లేకపోతే పేగు కాల్షియాన్ని లోపలికి రానివ్వదు. బిళ్లలో ఉన్న 250 యూనిట్లు కొద్దిపాటివే. మధ్యాహ్నానికి అటూ ఇటూ చేతులకు, కాళ్లకు కాస్త ఎండ తగలనివ్వాలి.

బలపాలు, సున్నం

గర్భిణికి బలపాలు, మట్టి, సుద్దముక్కలు తినాలనిపిస్తే 'ఒంట్లో కాల్షియం తక్కువై అడుగుతోంది' అని ఊరుకుంటారు. ఆ కోరిక చాలాసార్లు రక్తహీనతకు గుర్తు. బలపం కాల్షియం బిళ్ల కాదు. మట్టి కడుపులో ఐరన్‌ను పట్టేసి రక్తాన్ని ఇంకా తగ్గిస్తుంది, నులిపురుగులూ తెస్తుంది. అలా అనిపిస్తే ముందు హిమోగ్లోబిన్ చూపించుకోవాలి.

తమలపాకుకు రాసే సున్నాన్ని గోధుమగింజంత పెరుగులో కలిపి తాగమనే సలహా ఫోన్లలో తిరుగుతోంది. అది నోరు, గొంతు కాల్చే క్షారం, ఎంత పడిందో కొలత తెలియదు. ఉచితంగా బిళ్ల దొరుకుతుంటే ఆ పనెందుకు? సున్నంతో పొగాకు నమలడం, గుడాకు అనే పొగాకు ముద్ద పళ్లకు రుద్దుకోవడం మాత్రం గర్భంలో పూర్తిగా మానాలి, బిడ్డ బరువు తగ్గుతుంది.

బిళ్ల మానేసే చోట్లు

మొదటి చోటు మలబద్ధకం. ఐరన్, కాల్షియం రెండూ దానికి కారణమే. నీళ్లు పెంచి, ఆకుకూర, పీచున్న పండు తిని వారం చూడండి, తగ్గకపోతే బిళ్ల మార్పించుకోండి గానీ మానేయకండి. రాత్రిపూట పిక్కలు పట్టేస్తే కాల్షియం లోటే అనుకుని అదనంగా మింగుతారు. ప్రతి పిక్క నొప్పీ కాల్షియం లోటు కాదు, కాలు చాపి బొటనవేలు తనవైపు లాక్కుంటే పట్టు వదులుతుంది. ఒక కాలే వాచి, ఎర్రబడి, నొప్పిగా ఉంటే మాత్రం రక్తం గడ్డ కావచ్చు, వెంటనే చూపించాలి. బిళ్లలు మింగితే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందన్నది ఒట్టి మాట.

రెండో చోటు పుట్టిల్లు. ఏడో నెలలో పర్లాకిమిడి నుంచి పాతపట్నమో, రాయగడ నుంచి పార్వతీపురమో, కోరాపుట్ నుంచి సాలూరో వెళ్లే పిల్లకు గర్భిణి ఆరోగ్య కార్డు ఒడియాలో ఉంటుంది, అక్కడి నర్సమ్మకు ఒడియా రాదు. ఇక్కడి ఆశా లెక్కలోంచి పోతుంది, అక్కడి లెక్కలోకి చేరదు, మధ్యలో రెండు నెలలు బిళ్లలు ఉండవు. బయల్దేరే ముందు రెండు నెలలకు సరిపడా 120 కాల్షియం, 60 ఐరన్ అడిగి తీసుకోవాలి. రక్తం తక్కువని రోజుకు రెండు ఐరన్ రాసినవాళ్లయితే అవీ 120. కార్డు వెనక తెలుగులో ఆఖరి నెలసరి తేదీ, బీపీ, హిమోగ్లోబిన్, బ్లడ్ గ్రూపు, ఇంకా ఎన్ని బిళ్లలున్నాయో రాసి పెట్టాలి. చేరిన వారంలోనే అక్కడి ఆశా దగ్గర పేరు చెప్పుకోవాలి.

మూడోది బాలింత పథ్యం. కాన్పయ్యాక పెరుగు జలుబు చేస్తుందనీ, ఆకుకూర బిడ్డకు విరేచనాలనీ, చేప పుండు మానదనీ ఆపేసి కారప్పొడి అన్నంతో నెట్టుకొస్తారు. పాల ద్వారా రోజుకు 200 మిల్లీగ్రాముల పైగా కాల్షియం బయటికి పోయే రోజులవి. తల్లి ఎముకల సాంద్రత ఆ నెలల్లో కొంత తగ్గి, పాలు మాన్పించాక మళ్లీ కోలుకుంటుంది. కాన్పుల మధ్య మూడేళ్లు ఎడం ఉంటే కోలుకోవడానికి వ్యవధి దొరుకుతుంది. అత్తగారు పెరుగుకు ఒప్పుకోకపోతే గోరువెచ్చని పాలకు, మునగాకు వేపుడికి, బెల్లం వేసిన చోడిజావకు ఒప్పించడం తేలిక, పథ్యంలో వాటికి అంత అభ్యంతరం చెప్పరు. బిళ్లలు మాత్రం పథ్యంతో పనిలేకుండా అదే పద్ధతిలో నడవాలి: తిన్నాక కాల్షియం, ఎడంగా ఐరన్, పక్కింటి బిడ్డ చేతికందనంత ఎత్తున డబ్బా. ఎర్ర బిళ్లలను మిఠాయి అనుకుని చిన్నపిల్లలు నాలుగైదు మింగినా ప్రమాదమే.