రాయల్టీ, లైసెన్సు లెక్కలు: అగ్రిమెంట్ చేతికొచ్చాక ఏం చూడాలి

హక్కుల అగ్రిమెంట్ టేబుల్ మీదికి రాగానే చాలామంది మొదట వెతికేది మొత్తం ఎంత, డబ్బు ఎప్పుడొస్తుంది అన్నదే. ఏళ్లుగా ఈ లెక్కలే చూస్తున్న నేను మాత్రం ముందు మూడు సంగతులు పట్టుకుంటాను. ఏ హక్కు ఇచ్చారు? ఏ తేదీ నుంచి వాడుకోవచ్చు? డబ్బు ఖాయంగా వచ్చేదా, అమ్మకాలను బట్టి వచ్చేదా? ఈ మూడింటికీ జవాబులు అగ్రిమెంట్ మొదటి పేజీ మీదే పెన్సిలుతో రాసిపెట్టుకోండి. తర్వాత వేయాల్సిన ఎంట్రీల్లో చాలావరకు అక్కడే తేలిపోతాయి.

ఆదాయాన్ని ఎప్పుడు, ఎంత చూపాలో చెప్పే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం ఐఎఫ్‌ఆర్‌ఎస్ 15. 2018 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న ఈ ప్రమాణం లైసెన్సులను రెండు రకాలుగా చూస్తుంది. పూర్తయిన సినిమా, రికార్డయిపోయిన పాట ఒక రకం. ఇచ్చిన రోజు ఎలా ఉన్నాయో అలాగే వాడుకుంటారు, వాటి మీద మనం ఇక చేసేదేమీ లేదు. కాబట్టి ఆదాయం ఒకేసారి పుస్తకాల్లోకి వస్తుంది. ఇంకా కొత్త కథలు వస్తున్న కార్టూన్ పాత్ర రెండో రకం. దాన్ని జనంలో నిలబెట్టే పని మనమే చేస్తూ ఉంటాం, లైసెన్సు తీసుకున్నవాళ్లకు ఆ విలువ రోజూ అందుతూ ఉంటుంది. ఇక్కడ ఆదాయం లైసెన్సు కాలం పొడవునా పరుచుకుంటుంది.

తేదీ విషయంలో పట్టుగా ఉండండి. డిసెంబరులో సంతకాలై, జనవరిలో మాస్టర్ కాపీ అందినా, ప్రసార హక్కు ఏప్రిల్ 1న మొదలైతే ఆదాయం ఏప్రిల్ 1నే. మార్చి ముగింపులో అడ్వాన్స్ చేతికొచ్చి ఉంటే అది బాధ్యత (ఇంకా తీర్చాల్సిన బాకీ) కిందే కూర్చుంటుంది. లాభం పెంచి చూపమని ఎవరు ఒత్తిడి తెచ్చినా అగ్రిమెంటులో హక్కు మొదలయ్యే తేదీ రాసిన క్లాజు చూపించండి.

ఇక మినిమమ్ గ్యారంటీ (ఎంజీ), అంటే అమ్మకాలు ఎలా ఉన్నా లైసెన్సు తీసుకున్నవాళ్లు (లైసెన్సీ) తప్పక ఇవ్వాల్సిన కనీస సొమ్ము. ఒక సినిమాకు మూడేళ్ల హక్కు, ఎంజీ 30 లక్షలు, ఏడాది చివర 10 లక్షల చొప్పున మూడు వాయిదాలు అనుకుందాం. లైసెన్సీ అమ్మకాల మీద లెక్కగట్టే రాయల్టీ 30 లక్షలు దాటితే పైది ఓవర్‌ఫ్లో. ఎంజీ ఖాయమైన సొమ్ము కాబట్టి హక్కు మొదలైన రోజే బుక్ చేయాలి. కానీ 30 లక్షలూ ఆదాయం కాదు. వాయిదాలు మూడేళ్ల మీద వస్తున్నాయి, అందులో వడ్డీ దాగి ఉంది. 10 శాతం రేటుతో ఈనాటి విలువ కడితే 24.87 లక్షలు వస్తుంది. అది లైసెన్సు ఆదాయం. మిగతా 5.13 లక్షలు మూడేళ్లలో 2.49, 1.74, 0.91 చొప్పున వడ్డీ ఆదాయంగా వస్తాయి, పైసల తేడా రౌండింగ్‌ది. అసలు రాయల్టీ తొలి ఏడాది 4, రెండో ఏడాది 11, మూడో ఏడాది 21 లక్షలు తేలితే మొత్తం 36. ఓవర్‌ఫ్లో 6 లక్షలూ మూడో ఏడాదివే.

ఇవే అంకెలు కార్టూన్ పాత్రకైతే ఏడాదికి 10 లక్షల చొప్పున బుక్ చేసి, మూడో ఏడాది 6 లక్షలు కలుపుతాను. రాయల్టీ ఎంజీని దాటుతుందని గట్టి ఆధారం ఉన్నప్పుడు, అమ్మకాలు జరిగేకొద్దీ రాయల్టీనే బుక్ చేసే పద్ధతి కూడా ఉంది. ఏది ఎంచుకున్నా ఒకే తరహా అగ్రిమెంట్లన్నిటికీ అదే పాటించాలి.

అమ్మకాల మీద వచ్చే రాయల్టీకి ప్రమాణంలో ప్రత్యేక మినహాయింపు ఉంది. రాబోయే అమ్మకాలను ఎంత బాగా అంచనా వేయగలిగినా ముందే బుక్ చేయకూడదు, అమ్మకం లేదా వాడకం జరిగాకే చేయాలి. దీన్ని చాలామంది ‘స్టేట్‌మెంట్ వచ్చాకే’ అని చదువుకుంటారు. అది తప్పు. స్ట్రీమింగ్ ప్లాట్‌ఫామ్ నుంచి స్టేట్‌మెంట్ త్రైమాసికం ముగిసిన 45 రోజులకు వస్తుందనుకోండి, పాటలు మాత్రం ఆ త్రైమాసికంలోనే మోగాయి. కాబట్టి జరిగిపోయిన వాడకాన్ని అంచనా కట్టి ఆ త్రైమాసికంలోనే పెట్టాలి. నేను ప్లాట్‌ఫామ్ డ్యాష్‌బోర్డు లెక్కలు తీసుకుని, వెనకటి త్రైమాసికాల్లో డ్యాష్‌బోర్డుకూ స్టేట్‌మెంటుకూ ఎంత తేడా వచ్చిందో చూసి, ఆ మేరకు తగ్గించి బుక్ చేస్తాను. స్టేట్‌మెంట్ వచ్చాక తేడా సర్దుతాను. తేడా ఎప్పుడూ ఒకే వైపు వస్తోందంటే అంచనా పద్ధతినే మార్చాలి.

హక్కులు కొన్నవాళ్ల పుస్తకాల్లో లైసెన్సు కనిపించని ఆస్తి (ఇంటాంజిబుల్ అసెట్). రెండు ప్రసారాల హక్కు కొంటే, మొదటి ప్రసారానికే ఎక్కువ మంది చూస్తారన్న ఆధారం ఉన్నప్పుడు ఖర్చు కూడా దానికే ఎక్కువ పడాలి. వచ్చిన ఆదాయం నిష్పత్తిలో తరుగు రాయడం మాత్రం ఇలాంటి ఆస్తుల అకౌంటింగ్ ప్రమాణం ఐఏఎస్ 38 మామూలుగా ఒప్పుకోదు.

రచయితలకు, గాయకులకు ఇచ్చే అడ్వాన్స్ దగ్గర మరింత శ్రద్ధ కావాలి, ఎందుకంటే ఆ స్టేట్‌మెంట్ అవతల ఒక మనిషి బతుకుతెరువు ఉంది. రచయితకు 5 లక్షల అడ్వాన్స్ ఇచ్చారు, రెండేళ్లలో 2.1 లక్షల రాయల్టీ తేలింది. మిగిలిన 2.9 లక్షల్లో ఇక 1 లక్షే వసూలయ్యేలా ఉంటే 1.9 లక్షలు ఇప్పుడే నష్టంగా రాసేయాలి. అయితే అది మన పుస్తకాల్లో మాత్రమే. రచయితకు పంపే స్టేట్‌మెంటులో తీరాల్సిన బాకీ 2.9 లక్షలే ఉంటుంది, ఎందుకంటే దాన్ని నడిపేది అగ్రిమెంటు. ఈ రెండు ఖాతాలూ విడిగా నడపకపోతే, పుస్తకం ఉన్నట్టుండి బాగా అమ్ముడైనప్పుడు రచయితకు ఎంత ఇవ్వాలో ఎవరూ చెప్పలేరు. రెండు మూడు పుస్తకాల అడ్వాన్సులను కలిపి వసూలు చేసుకునే క్లాజు ఉందేమో కూడా చూడండి. ఆ క్లాజు లేనప్పుడు ఒక పుస్తకం బాకీని ఇంకో పుస్తకం రాయల్టీలోంచి కోయడానికి వీల్లేదు.

తిరిగొచ్చే కాపీల కోసం రాయల్టీలో కొంత ఆపి ఉంచే పద్ధతి ఉంటే, ఎంత శాతం, ఎప్పుడు విడుదల చేయాలో అగ్రిమెంటు పక్కనే తేదీతో రాసిపెట్టుకోండి. ఆ తేదీ వచ్చిన నెలలో రచయిత అడగకముందే ఆ సొమ్ము స్టేట్‌మెంటులో చేర్చి పంపండి.