సివిలైజేషన్ 4: గొడ్డలి దండయాత్ర, ఖజానా ఖాళీ కాకుండా

పక్క రాజ్యాన్ని ఆట మొదట్లోనే మింగేయడం సివిలైజేషన్ 4 అనే కంప్యూటర్ స్ట్రాటజీ గేమ్‌లో అంత కష్టం కాదు. మింగింది అరగక ఓడిపోయేవాళ్లే ఎక్కువ. నాలుగు నగరాలు గెలుస్తారు, సైన్స్ స్లైడర్ (ఆదాయంలో పరిశోధనకి వెళ్లే వాటా) 20 శాతానికి జారుతుంది, ముప్పై టర్నులు గడిచేసరికి దూరంగా ఉన్నవాళ్లు టెక్నాలజీలో ముందుకు వెళ్లిపోతారు. అందుకే యుద్ధాన్నీ ఖజానానూ ఒకే ప్లానుగా చూడాలి. కింది లెక్కలన్నీ బియాండ్ ద స్వార్డ్ అనే ఎక్స్‌పాన్షన్‌లో, నార్మల్ స్పీడ్‌కి.

ముందు బ్రాంజ్ వర్కింగ్ టెక్నాలజీ. ఈ దండయాత్రకి వాడే గొడ్డలి సైనికులకి (యాక్స్‌మన్) రాగి కావాలి. రాగి ఎక్కడుందో అప్పుడే కనిపిస్తుంది, అడవులు నరకడానికీ స్లేవరీకీ (జనాభాని బలిచ్చి పని వెంటనే ముగించే విధానం) కూడా అదే తాళంచెవి. రాగి క్యాపిటల్ పరిధిలో లేకపోతే రెండో నగరాన్ని దాని మీదే వేయండి, గని తవ్వే పని తప్పుతుంది. క్యాపిటల్‌కి రోడ్డు కలపాలి కాబట్టి ద వీల్ టెక్నాలజీ కూడా వెంటనే కావాలి. దగ్గర్లో రాగి లేదు, గుర్రాలున్నాయి అంటే రథాలతో వెళ్లొచ్చు. రెండూ లేకపోతే ఈ దండయాత్ర మానేయండి. వారియర్లతో ఆర్చర్ల మీద పడటం హ్యామర్లు (ఉత్పత్తి పాయింట్లు) నీళ్లలో పోయడమే.

యాక్స్‌మన్ బలం 5, ఖర్చు 35 హ్యామర్లు. ఎదురుగా ఉండేది ఆర్చర్, బలం 3. చూడ్డానికి తేలిక అనిపిస్తుంది గానీ లెక్క కట్టి చూడండి. నగరంలో ఉన్న ఆర్చర్‌కి 50 శాతం, కదలకుండా పాతుకుపోయినందుకు 25 శాతం, నగరం కల్చర్ (కూడబెట్టిన సాంస్కృతిక పాయింట్లు) వల్ల ఇంకో 20 శాతం. మొత్తం 95 శాతం కలిస్తే 3 కాస్తా 5.85 అవుతుంది. ఫస్ట్ స్ట్రైక్ (ముందుగా పడే ఉచిత దెబ్బ) అదనం. బ్యారక్స్ కట్టి యాక్స్‌మన్‌కి సిటీ రైడర్ ప్రమోషన్ (నగరాల మీద దాడికి 20 శాతం బలం) ఇస్తే ఆ 20 శాతం ఆర్చర్ బోనస్‌లోంచి తీసేస్తారు, అప్పుడు 5కి 5.25, దాదాపు సమానం. ఒక యుద్ధం గెలిచి రెండో సిటీ రైడర్ తెచ్చుకున్నవాడికైతే ఆర్చర్ 4.5 మాత్రమే. అదే నగరం కొండ మీద ఉంటే కొండకి 25, ఆర్చర్‌కి కొండ మీద ఉండే అదనపు 25 కలిసి, మొదటి సిటీ రైడర్ తీసేసినా 6.75 దగ్గర నిలబడుతుంది. కొండ మీది నగరాన్ని కాటపల్టులు (రాళ్లు విసిరే యంత్రాలు) వచ్చేదాకా వదిలేయడమే మేలు.

ఇక్కడ టైమింగ్ చాలా ముఖ్యం. ప్యాలెస్ టర్నుకి 2 కల్చర్ ఇస్తుంది. అంటే ఇంకేమీ కట్టకపోయినా దాదాపు 50వ టర్నుకి శత్రువు క్యాపిటల్ 100 కల్చర్ దాటుతుంది, దాని రక్షణ 20 నుంచి 40 శాతానికి ఎగబాకుతుంది. శత్రువు క్రియేటివ్ లీడర్ (కల్చర్ త్వరగా పెరిగే గుణం ఉన్నవాడు) అయితే ఇంకా ముందే. వీలైతే ఆలోపే గోడల కిందికి చేరాలి. ఆలస్యమైతే ప్రతి ఆర్చర్‌కీ ఒక యాక్స్‌మన్‌ని ఎక్కువ లెక్కేసుకోండి.

సైన్యం త్వరగా తయారవ్వాలంటే అడవుల నరుకుడూ, స్లేవరీ కొరడా రెండూ వాడాలి. మ్యాథమెటిక్స్ టెక్నాలజీకి ముందు ఒక్కో అడవికి 20 హ్యామర్లు వస్తాయి. స్లేవరీలో ఒక జనాభా 30 హ్యామర్లు. యాక్స్‌మన్‌ని మొదలుపెట్టి ఒక టర్ను ఆగి, ఇంకా 31 నుంచి 34 హ్యామర్లు మిగిలి ఉండగా కొరడా ఝళిపిస్తే ఇద్దరు జనం పోయి 60 హ్యామర్లు వస్తాయి. మిగిలిన పాతిక పైచిలుకు తర్వాతి యాక్స్‌మన్‌లో పడుతుంది, వాడు రెండు టర్నుల్లో బయటికొస్తాడు. ఒక్కో కొరడాకి పది టర్నులు అసంతృప్తి ఉంటుంది. అందుకని ఒకే నగరాన్ని వరసగా కొట్టకుండా, నగరం తిరిగి నాలుగు జనాభాకి పెరిగాక మళ్లీ కొట్టండి.

ఎనిమిది మంది యాక్స్‌మన్లు, శత్రువు దగ్గర రథాలుంటే తోడుగా ఇద్దరు స్పియర్‌మన్లు (బల్లెం సైనికులు). స్పియర్‌మన్ లేకుండా వెళ్లారో, ఒక్క రథం మీ గుంపులో ఇద్దరు ముగ్గుర్ని తినేస్తుంది. గుంపంతా ఒకే టైల్‌లో, నగరం పక్కన అడవి లేదా కొండ మీద ఆగాలి. నది దాటి దాడి చేస్తే 25 శాతం నష్టం కాబట్టి ఒక టర్ను ఎక్కువ పట్టినా చుట్టూ తిరిగి వెళ్లండి. ముందు గెలిచే అవకాశం తక్కువ ఉన్నవాళ్లని పంపి, గాయపడ్డ ఆర్చర్ల మీదికి ప్రమోషన్లున్నవాళ్లని వదలండి. బయట పని చేసుకుంటున్న వర్కర్లని చూసి వదిలేయొద్దు. పట్టుకుంటే మీవాళ్లే, ఒక్కొక్కరు 60 హ్యామర్ల విలువ.

ఇక ఖజానా. ప్రతి నగరానికీ రెండు రకాల నిర్వహణ ఖర్చు ఉంటుంది. ఒకటి ప్యాలెస్ నుంచి దూరాన్ని బట్టి, రెండోది మొత్తం నగరాల సంఖ్యని బట్టి. ఈ రెండోదే మోసం చేస్తుంది. కొత్త నగరం తన ఖర్చుతో ఆగదు, పాత నగరాల ఖర్చు కూడా పెంచుతుంది. పైగా ప్రతిఘటన సాగినన్నాళ్లూ గెలిచిన నగరానికి నిర్వహణ ఖర్చు పడదు. అంతా బాగానే ఉందనుకుంటారు, ప్రతిఘటన ముగిసిన టర్నులో దెబ్బ తగులుతుంది. నగరం పట్టిన టర్నులో వచ్చే దోపిడీ బంగారం కూడా ఈ కంతని కప్పేస్తుంది. అందుకే యుద్ధం జరుగుతున్నప్పుడు ఎఫ్2 నొక్కి ఆర్థిక పట్టిక ప్రతి టర్నూ చూడండి. మీ సరిహద్దు బయట తిరిగే సైన్యానికి సరఫరా ఖర్చు వేరే పడుతుంది, యుద్ధం అయిపోగానే వాళ్లని లోపలికి లాగండి.

ఏది ఉంచుకోవాలి, ఏది కాల్చాలి? శత్రువు క్యాపిటల్‌ని తప్పకుండా ఉంచుకోండి, మంచి నేల దానిదే. ఆహార వనరు ఒక్కటైనా ఉన్న దగ్గరి నగరాన్నీ ఉంచుకోవచ్చు. దూరంగా టండ్రాలోనో ఎడారిలోనో ఉన్నదాన్ని కాల్చేయండి, బంగారం ఎలాగూ వస్తుంది. ఒకే జనాభా ఉన్న నగరం పట్టుకోగానే దానంతటదే కాలిపోతుంది, అది కావాలనుకుంటే పెరిగేదాకా ఆగాలి. కోర్ట్‌హౌస్‌లు (నిర్వహణ ఖర్చు తగ్గించే భవనాలు) రాకముందు ఆరు నగరాలు దాటొద్దు. ఇది ఆట విధించిన హద్దు కాదు గానీ, దాటినవాళ్లు చాలావరకు స్లైడర్ సున్నాకి దించాల్సి వస్తుంది.

పోటరీని (కాటేజీలు కట్టనిచ్చే టెక్నాలజీ) యుద్ధం ముగిశాక చూద్దాంలే అని పక్కన పెట్టడమే అన్నిటికన్నా ఖరీదైన పొరపాటు. కాటేజీ (పెరిగేకొద్దీ ఎక్కువ డబ్బిచ్చే గుడిసె) హామ్లెట్ అవడానికి 10 టర్నులు, అది విలేజ్ అవడానికి 20, టౌన్ అవడానికి ఇంకో 40, అదీ ఆ టైల్‌లో జనం పనిచేస్తేనే. సైన్యం బయల్దేరిన రోజే వర్కర్లు నది పక్క గడ్డి నేలల్లో కాటేజీలు మొదలుపెట్టాలి. అప్పుడు గెలిచి వచ్చేసరికి డబ్బు చేతికందుతుంది.

స్లైడర్ సున్నాకి వచ్చినా కంగారు పడొద్దు. లైబ్రరీ కట్టి ఇద్దరు సైంటిస్టులని కూర్చోబెట్టండి. వాళ్లిచ్చే 6 బీకర్లకి (పరిశోధన పాయింట్లు) లైబ్రరీ 25 శాతం కలిసి స్లైడర్‌తో పనిలేకుండా పరిశోధన నడుస్తుంది. లక్ష్యం కరెన్సీ టెక్నాలజీ. అది వస్తే ప్రతి నగరానికీ ఒక ట్రేడ్ రూట్ పెరుగుతుంది, హ్యామర్లని నేరుగా బంగారంగా మార్చుకోవచ్చు, ఇతరులకి టెక్నాలజీలు అమ్మి బంగారం అడగొచ్చు. ఆ తర్వాత కోర్ట్‌హౌస్‌లనిచ్చే కోడ్ ఆఫ్ లాస్. కోర్ట్‌హౌస్ 120 హ్యామర్లు, నిర్వహణని సగానికి తగ్గిస్తుంది, కాబట్టి మొదటిది దూరపు నగరంలో కట్టండి. క్యాపిటల్‌లో కడితే దాదాపు దండగే. అప్పటికీ బంగారం అయిపోయి టర్నుకి నష్టం వస్తుంటే యూనిట్లు వాటంతటవే రద్దవడం మొదలవుతుంది. ఆ స్థితికి రాకముందే పాత వారియర్లని మీరే తీసేయండి.

శత్రువుకి చివరి ఒకటి రెండు నగరాలు మిగిలి, అవి కొండ మీద ఉంటే సంధికి ఒప్పుకోండి. మీకు ఆల్ఫబెట్ టెక్నాలజీ తెలిసి ఉంటే సంధికి బదులుగా ఒకటో రెండో టెక్నాలజీలు అడగండి, ప్రాణభయంలో ఉన్నవాడు ఇస్తాడు. మిగిలిన నగరాల పని కాటపల్టులు వచ్చాక చూడొచ్చు.