కొత్త టూవీలర్ మెకానిక్ ముందుగా కొనవలసిన పనిముట్లు

ఐటీఐలో రెండేళ్ల మోటార్ వెహికల్ మెకానిక్ ట్రేడు పూర్తి చేసినవారైనా, షెడ్డులో హెల్పరుగా చేరి పని నేర్చుకున్నవారైనా, సొంతంగా బళ్లు పట్టడం మొదలుపెట్టేటప్పుడు ముందుగా ఎదురయ్యే ప్రశ్న చేతిలో ఉన్న కొద్దిపాటి డబ్బుతో ఏ పనిముట్లు కొనాలన్నది. చాలామంది వందకు పైగా ముక్కలున్న పెద్ద ప్లాస్టిక్ పెట్టెను ఒకేసారి కొనేస్తారు. అది చూడటానికి నిండుగా ఉంటుంది కాని, అందులో సగం సైజులు ఏడాది పొడవునా బయటికి రావు, రోజూ వాడే సైజులేమో అదే ఏడాదిలో అరిగిపోతాయి. ఆ పెట్టెల్లో వచ్చే అంగుళాల గోటీలు, అంటే బోల్టు తలకు తొడిగే సాకెట్లు, నేటి బళ్లకు పనికిరావు. పాత బుల్లెట్లకైనా పనికొస్తాయి కదా అనుకుంటే, ఆ బళ్ల నట్లు చాలావరకు విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలతలవి కనుక అక్కడా సరిగ్గా కూర్చోవు.

కాబట్టి విడివిడిగా, పని అడిగే వరుసలో కొనడం మంచిది. హీరో, హోండా, యమహా బళ్లలో ఎక్కువగా తగిలేవి 8, 10, 12, 14, 17, 19 మిల్లీమీటర్ల బోల్టు తల సైజులు, కొన్ని కంపెనీల బళ్లలో 13 కూడా అవసరపడుతుంది. మన డబ్బులో పెద్ద భాగం ఈ సైజుల మీదే పోవాలి. ముందు ఒక రింగు పానాల సెట్టు, నోరు తెరిచి ఉండే డీ పానాల సెట్టు ఒకటి తీసుకోవాలి. డీ పానా బోల్టు తలను రెండు పలకల మీదే పట్టుకుంటుంది, రింగు పానా ఆరు మూలలనూ పట్టుకుంటుంది. అందువల్ల బిగుసుకున్న బోల్టును మొదట కదిలించేది, చివర బిగించేది రింగు పానాతో కావాలి, మధ్యలో తిప్పడానికే డీ పానా వాడాలి. ఈ ఒక్క అలవాటు లేకపోవడం వల్లనే షెడ్లలో బోల్టు తలలు గుండ్రంగా అరిగిపోతున్నాయని నా అభిప్రాయం.

పానా కొనేటప్పుడు నికెల్ మెరుపును చూసి మోసపోకూడదు. 10 మిల్లీమీటర్ల తల ఉన్న ఒక కొత్త బోల్టును జేబులో వేసుకుని దుకాణానికి వెళ్లండి. పానాను దాని తలకు తొడిగి కుడిఎడమలకు ఆడించి చూస్తే, నాసిరకం పానా చేతికి తెలిసేంత లూజుగా ఊగుతుంది. సైజు అంకె లోతుగా, స్పష్టంగా పడిందా, దవడల లోపలి అంచులు సమంగా ఉన్నాయా, గట్టి ఉక్కు రకమైన క్రోమ్ వెనేడియం అన్న గుర్తు ఉందా చూసుకోవాలి. డీ పానాలకు ఐఎస్ 2028, రింగు పానాలకు ఐఎస్ 2029 అన్న భారతీయ ప్రమాణాలున్నాయి, పేరున్న కంపెనీలు వాటిని క్యాటలాగులో పేర్కొంటాయి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో కొనేవారికి టపారియా వంటి పేరున్న పనిముట్ల కంపెనీల పేర్లతో నకళ్లు కూడా ఎదురుకావచ్చు కనుక, బిల్లు ఇచ్చే డీలరు దగ్గరే కొనడం మేలు.

పానాల తర్వాత ఇంగ్లిషు టీ అక్షరంలా పిడి ఉన్న టీ పానాలు. సీటు, సైడు ప్యానెళ్లు, ఇంజను కవర్లు విప్పే పనిలో 8, 10, 12, 14 సైజుల టీ పానాలు ఆదా చేసినంత సమయాన్ని మరేదీ ఆదా చేయదు. గోటీ సెట్టు విషయంలో మన దుకాణాల్లో ముందుగా చేతికిచ్చేది అర అంగుళం డ్రైవు, అంటే హ్యాండిల్ దూరే చదరపు రంధ్రం అర అంగుళం ఉన్నది. అది కారు పనికి అనువైనది. బైకు ఇంజను చుట్టూ ఉండే ఇరుకు సందుల్లోకి ఒకవైపే పట్టి తిప్పే హ్యాండిలైన రాచెట్ 3/8 అంగుళం డ్రైవుది సులువుగా దూరుతుంది, దాని ఆరు పలకల గోటీలు తలను గట్టిగా పట్టుకుంటాయి. ఇరుసు నట్ల కోసం అర అంగుళం పొడవాటి హ్యాండిల్ ఒకటి, దానికి సరిపడే రెండు మూడు పెద్ద గోటీలు విడిగా కొంటే చాలు. స్పార్క్ ప్లగ్గు పానా 16 మిల్లీమీటర్లది తప్పనిసరి. 14 మిల్లీమీటర్ల మర ఉన్న పాత రకం ప్లగ్గులు వస్తే 21 సైజుది కావాలి.

స్క్రూ డ్రైవర్ల విషయం కొంచెం వివరంగా చెప్పాలి. డిస్కు బ్రేకు ఆయిలు డబ్బా మూత స్క్రూలను గమనించండి. వాటి ప్లస్సు గాడి పక్కన చాలాసార్లు చిన్న చుక్క కనిపిస్తుంది, అది జపాన్ ప్రమాణమైన జేఐఎస్ గుర్తు. మామూలు ఫిలిప్స్ డ్రైవరు ఆ గాడి అడుగుదాకా దిగదు, కాస్త బలం పెట్టగానే పైకి జారి గాడిని చెక్కేస్తుంది, ఆపైన డ్రిల్లు వేయక తప్పదు. రెండో నంబరు, మూడో నంబరు జేఐఎస్ బిట్లు, వాటితోపాటు సుత్తితో కొడితే తిరిగే ఇంపాక్ట్ డ్రైవరు ఒకటి తీసుకుంటే ఈ బాధ చాలావరకు తీరుతుంది. ఆరు పలకల గుంట ఉన్న బోల్టులకు వాడే ఎల్లెన్ కీల సెట్టు, నోస్ ప్లయరు, కటింగ్ ప్లయరు, లాక్ రింగులు తీయడానికి లోపలికీ బయటికీ పనికొచ్చే సర్క్లిప్ ప్లయర్లు, ఒక ఇనుప సుత్తి, ఒక రబ్బరు సుత్తి మామూలుగానే అందరి దగ్గరా ఉంటాయి.

కొత్తవారు అనవసరమనుకుని వదిలేసేది టార్క్ రెంచి, అంటే బోల్టును ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా. నా లెక్కలో అది రెండో నెలలోనే కొనవలసిన వస్తువు. ఇంజను కేసు, హెడ్డు అల్యూమినియంతో చేసినవి. వాటిలో దిగే 6 మిల్లీమీటర్ల మర ఉన్న బోల్టుకు దాదాపు 10 న్యూటన్ మీటర్ల బిగింపు చాలు. అంటే మీటరు పొడవున్న కర్ర చివర కిలో బరువు వేలాడదీసినంత. 10 మిల్లీమీటర్ల మర ఉన్న ప్లగ్గుకు 10 నుంచి 12 వరకు సరిపోతుంది. చేతి అంచనాతో ఇంకాస్త, ఇంకాస్త అని లాగితే మరలు పోతాయి, ప్లగ్గు మారిస్తే పోయే పని హెడ్డు విప్పేదాకా వెళుతుంది. అయితే 40 నుంచి 200 న్యూటన్ మీటర్ల వరకు కొలిచే అర అంగుళం రెంచి కొంటే ఈ చిన్న బోల్టులకు అది ఎందుకూ కొరగాదు. ముందుగా 5 నుంచి 25 వరకు కొలిచేది తీసుకోవాలి. క్లిక్ రకం రెంచిని వాడాక దాని స్ప్రింగును కనిష్ఠ అంకెకు తగ్గించి ఉంచాలి. దానితో బోల్టులు విప్పకూడదు.

మల్టీమీటరు ఖరీదైనది కానక్కరలేదు కాని, తీగ తెగిందో లేదో చెప్పే బజర్ ఉండాలి. ఛార్జింగ్ నిండిన బ్యాటరీ ఇంజను ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర చూపాలి, ఇంజను వేగం పెంచినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్యకు చేరాలి. వేగం పెంచినా వోల్టేజీ పెరగకపోతే తప్పు బ్యాటరీది కాకపోవచ్చు, ఛార్జింగును అదుపు చేసే రెగ్యులేటరునో కరెంటు పుట్టించే మాగ్నెట్ కాయిల్‌నో చూడాలి. ఈ పరీక్షకు రెండు నిమిషాలు చాలు, గిరాకీ చేత అనవసరంగా కొత్త బ్యాటరీ కొనిపించకుండా ఉంటాము.

మాగ్నెట్‌ను ఊడదీసే పుల్లరు, వాల్వు సందు సరిచేసే టాపెట్ కీ, ఆ సందు కొలిచే ఫీలర్ గేజి, క్లచ్చు లాక్‌నట్ గోటీ వంటివి మీ దగ్గరకు ఏ బళ్లు ఎక్కువగా వస్తున్నాయో చూసుకుని ఒక్కొక్కటిగా కొనాలి, ఎందుకంటే పుల్లరు మర మోడలును బట్టి మారుతుంది. నాలుగు గాళ్లున్న క్లచ్చు నట్టును ఉలి పెట్టి సుత్తితో కొట్టి విప్పడం ఇప్పటికీ చూస్తుంటాం. ఆ గాళ్ల నుంచి రాలిన ఇనుప రజను ఆయిల్లో కలిసి బేరింగులకు చేరుతుంది. అంత చవకైన గోటీ కోసం ఇంజనును పణంగా పెట్టడం సబబు కాదు.

బెంచి వైసు, సుత్తి, ఉలి, పాత పెద్ద పానాలు హైదరాబాద్ ఎర్రగడ్డ ఆదివారం సంత లాంటి చోట పాతవే కొన్నా నష్టం లేదు. రాచెట్లు, టార్క్ రెంచి, మీటరు మాత్రం పాతవి తీసుకోవద్దు, వాటి లోపలి అరుగుదల బయటికి కనిపించదు.

2020 ఏప్రిల్ 1న బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో చాలావాటికి కార్బొరేటరుకు బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్ వచ్చింది. డాష్‌బోర్డు మీద ఇంజను దీపం వెలిగితే లోపం కోడు చదవడానికి స్కానరు కావాలి. అది రోజుకు ఎన్నిసార్లు అవసరపడుతుందో కొన్ని నెలలు లెక్క రాసుకుని, అంతవరకు పక్క షెడ్డులో డబ్బిచ్చి చదివించుకోవడమే నయం. కొనేనాడు మాత్రం మీ దగ్గరకు వచ్చే మోడళ్ల జాబితా చేతిలో పెట్టుకుని వెళ్లండి, ఆ బళ్ల కోడ్లు చదవడమే కాక చెరిపి, సెన్సరు విలువలు కూడా చూపుతుందేమో మీ బండికే తగిలించి చూపించమని అడగండి.