మ్యాప్‌లో ఒక ఊరు నొక్కితే ఇంకో ఊరి వ్యాసం వస్తోందా? ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ – వికీపీడియా లింకుల సమస్యలు, పరిష్కారాలు

రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలో ఒక చిలుకూరు ఉంది. బాలాజీ గుడి ఉన్నది అక్కడే. సూర్యాపేట జిల్లాలో ఇంకో చిలుకూరు ఉంది, అది మండల కేంద్రం. ఎవరైనా మార్చగలిగే ఉచిత ప్రపంచ మ్యాప్ అయిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మ్యాపింగ్ మొదలుపెట్టిన కొత్తలో నేను సూర్యాపేట చిలుకూరుకి వికీపీడియా లింకు ఇస్తూ, వెతికితే మొదట వచ్చిన పేరు ఎంచుకుని సేవ్ చేసేశాను. వంద కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న ఊరి వ్యాసం దానికి అతుక్కుపోయింది. చాలా నెలల తర్వాత ఇంకో మ్యాపర్ చూసి చెప్పేదాకా నాకు తెలియనే లేదు. అప్పటినుంచి ఈ లింకుల తప్పులు కనబడితే వదలబుద్ధి కావడం లేదు. ఎక్కువగా ఎదురయ్యేవి, వాటి కారణాలు, సరిచేసే పద్ధతి ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా ఒక్క విషయం తెలిస్తే మిగతాదంతా తేలిక. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో ఒక గుడికో చెరువుకో లింకు ఇవ్వడానికి రెండు ట్యాగులు (వివరాలు రాసే గడులు) ఉన్నాయి. మొదటిది వికీపీడియా ట్యాగ్. అందులో భాషా కోడ్ (తెలుగుకైతే టీ, ఈ అనే రెండు ఇంగ్లీషు అక్షరాలు), కోలన్, ఆ తర్వాత వ్యాసం పేరు ఉంటాయి. రెండోది వికీడేటా ట్యాగ్. అందులో పేరుండదు, ఇంగ్లీషు క్యూ అక్షరం, దాని పక్కన ఒక నంబరు మాత్రమే ఉంటాయి. హైదరాబాద్ నగరానిది క్యూ1361, ఆంధ్రప్రదేశ్‌ది క్యూ1159. వికీపీడియాకి తోడుగా ఉండే సమాచార నిధి వికీడేటా 2012 అక్టోబరులో మొదలైంది. ఒక విషయం మీద ఎన్ని భాషల్లో వ్యాసాలున్నా అన్నిటినీ ఆ ఒక్క నంబరు కలుపుతుంది. వ్యాసం పేరు ఎవరైనా మార్చొచ్చు, నంబరు మాత్రం మారదు. అందుకే ఎప్పుడైనా అనుమానం వస్తే నేను మొదట చూసేది నంబరునే.

లింకు నొక్కితే "ఈ పేజీ లేదు" అంటోంది

తెలుగు లింకుల్లో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదే. దీనికి మూడు కారణాలుంటాయి.

ఒకటి, వ్యాసం పేరు మారిపోవడం. కర్నూలు, కర్నూల్ లాగా మన ఊళ్ల పేర్లు రెండు మూడు రకాలుగా రాస్తాం. ఎవరో ఒకరు వ్యాసాన్ని కొత్త పేరుకి తరలిస్తారు. పాత పేరు దగ్గర దారిమార్పు (కొత్త పేజీకి పంపే ఏర్పాటు) ఉంచితే లింకు పనిచేస్తుంది, తీసేస్తే తెగిపోతుంది. అప్పుడు వికీడేటా నంబరు తెరిచి, అక్కడున్న వికీపీడియా జాబితాలో తెలుగు వ్యాసం పేరు ఇప్పుడేముందో చూసి, దాన్నే ట్యాగులో పెట్టండి.

రెండోది కంటికి కనబడదు. "సాగర్", "నగర్" లాంటి పొల్లుతో ముగిసే పదాలు టైప్ చేసినప్పుడు కొన్ని కీబోర్డులు చివర ఒక సున్నా వెడల్పు అక్షరాన్ని చేరుస్తాయి. పొల్లు తర్వాతి అక్షరంతో కలిసి ఒత్తు కాకుండా ఆపడం దాని పని. పదం మధ్యలో దాని అవసరం ఉంది, పదం చివర లేదు. చివర ఉన్నా చూడ్డానికి తేడా ఉండదు, కానీ కంప్యూటర్‌కి అవి రెండు వేరువేరు పేర్లు. ట్యాగులో ఉన్న పేరూ వ్యాసం పేరూ అక్షరం అక్షరం పోల్చి చూసుకుని, రెండూ ఒకటేగా అని తల పట్టుకునేది ఇక్కడే. పరీక్షించడం సులువు. పేరు చివర కర్సర్ పెట్టి బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కండి. ఏమీ చెరగనట్టు కనబడితే అది అక్కడ దాక్కున్నట్టే. కాబట్టి వ్యాసం పేరు చేత్తో టైప్ చేయకండి, వ్యాసం పైనున్న శీర్షికనే కాపీ చేసి పేస్ట్ చేయండి.

మూడోది, అడ్రస్ బార్‌లోంచి లింకు మొత్తం తెచ్చి ట్యాగులో పెట్టేయడం. తెలుగు పేరు అలా కాపీ అయినప్పుడు శాతం గుర్తులు, అంకెలు, ఇంగ్లీషు అక్షరాల వరుసగా మారిపోతుంది. తెలుగులో ఒక్కో అక్షర చిహ్నం తొమ్మిది గుర్తులవుతుంది. గుణింతం, పొల్లు, సున్నా కూడా విడివిడిగా లెక్కకొస్తాయి. "రామప్ప దేవాలయం" అని రాస్తే మామూలుగా 14 చిహ్నాలే. అదే అడ్రస్ రూపంలో 118. ముందుండే సైట్ పేరు ఇంకో 30. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ ట్యాగులో 255కి మించి పట్టవు. ఊరి పేరు, బ్రాకెట్లో మండలం పేరు ఉండే మన గ్రామాల వ్యాసాలకి ఆ హద్దు తేలిగ్గా దాటిపోతుంది. అప్పుడు ఎడిటర్ సేవ్ చేయనివ్వదు, లేదా తోక తెగిన లింకు మిగులుతుంది. అడ్రస్ తీసేసి భాషా కోడ్, కోలన్, మామూలు తెలుగులో పేరు, అంతే పెట్టండి.

వ్యాసం వస్తోంది, కానీ అది వేరేదాని గురించి

చిలుకూరు కథ ఈ కోవలోదే. అమరావతి అంటే గుంటూరు వైపుదే కాదు, మహారాష్ట్రలోనూ ఒకటుంది. హైదరాబాద్ పాకిస్తాన్ సింధులో కూడా ఉంది. రామాపురాలు, కొత్తపల్లులైతే లెక్కే లేదు. తెలుగు వికీపీడియాలో ఇలాంటి పేర్లకి "అయోమయ నివృత్తి" పేజీలుంటాయి. లింకు ఆ పేజీకే ఇచ్చేస్తే చదివేవాళ్లకి ఊళ్ల జాబితా కనబడుతుంది తప్ప ఊరి వ్యాసం కనబడదు.

ఎంచుకునే ముందు వికీడేటా పేజీలో రెండు చోట్ల చూడండి. అది ఏ రకానిది (గ్రామమా, మండలమా, నియోజకవర్గమా), అది ఎక్కడుంది. మెదక్ అన్న పేరు మీద పట్టణం ఉంది, మండలం ఉంది, జిల్లా ఉంది. మూడింటికీ మూడు వేరే నంబర్లు. పట్టణం చుక్కకి జిల్లా నంబరు ఇచ్చేస్తే వ్యాసం తెరిచినవాళ్లకి ఊరి సంగతులు దొరకవు.

ఇదే కోవలో ఇంకో తప్పు ఉంది, చాలామంది మంచి ఉద్దేశంతోనే చేస్తారు. వీధి చివరి బ్యాంకు బ్రాంచికి ఆ బ్యాంకు వ్యాసం, విగ్రహానికి ఆ మనిషి వ్యాసం లింకు ఇస్తారు. వికీడేటా ట్యాగు చెప్పే మాట ఒక్కటే: ఈ వస్తువూ, ఆ వ్యాసంలోదీ ఒకటే. ట్యాంక్‌బండ్ మీద శ్రీకృష్ణదేవరాయల విగ్రహం ఉంది, అది విగ్రహమే కానీ రాయలు కాదు. అలాంటి చోట వికీడేటా ముందు సబ్జెక్ట్ అన్న మాట చేర్చిన ట్యాగు వాడాలి. బ్యాంకు, పెట్రోల్ బంకు లాంటివాటికి బ్రాండ్ లేదా ఆపరేటర్ చేర్చినది. ఎవరి పేరైనా పెట్టిన రోడ్డుకి, పేరు ఎలా వచ్చిందో చెప్పే నేమ్-ఎటిమాలజీ చేర్చినది. మెహదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా ఉన్న పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్‌వే దీనికి మంచి ఉదాహరణ. ఫ్లైఓవర్ మీదే ఒక వ్యాసం ఉంది, మామూలు వికీడేటా ట్యాగులో దాని నంబరు. పేరు పుట్టుక ట్యాగులో పీవీ గారి నంబరు. రెండూ సరైనవే, ఏ ట్యాగులో ఏది అన్నదే చూసుకోవాలి.

తెలుగు వ్యాసం ఉంది, అయినా తెలియని భాషలో పేజీ తెరుచుకుంటోంది

పల్లెటూరి చుక్క నొక్కితే ఎప్పుడూ వినని సెబువానో భాషలో పేజీ వచ్చిందా? కంగారు పడకండి. అది ఫిలిప్పీన్స్‌లో మాట్లాడే భాష. ఎల్‌ఎస్‌జేబాట్ అనే ప్రోగ్రామ్, జియోనేమ్స్ అనే స్థలాల పేర్ల జాబితాలోని ఊళ్లకి, గుట్టలకి, వాగులకి సెబువానో, స్వీడిష్ భాషల్లో లక్షల కొద్దీ చిన్న వ్యాసాలు సృష్టించింది. అలా మన ఊరికి ఒక వికీడేటా నంబరు పుట్టింది. తెలుగు వాళ్లు రాసిన వ్యాసానికి అంతకుముందే ఇంకో నంబరుంది. ఒకే ఊరికి రెండు నంబర్లు, మ్యాప్‌లో ఉన్నదేమో సెబువానో వైపుది.

మ్యాప్‌లో నంబరు మార్చేస్తే మీ వరకూ సమస్య తీరుతుంది. కానీ అసలు మందు వికీడేటాలో ఆ రెంటినీ విలీనం చేయడం. చేసే ముందు రెండింటి స్థానాలూ మ్యాప్ మీద పెట్టి చూడండి. జియోనేమ్స్ చుక్కలు కొన్నిసార్లు కిలోమీటర్లు పక్కకి పడి ఉంటాయి. అంటే దూరంగా ఉన్నంత మాత్రాన వేరే ఊరని కాదు, పేరు కలిసినంత మాత్రాన అదే ఊరనీ కాదు. పక్కనున్న ఊళ్లు, మండలం కూడా కలిస్తేనే విలీనం చేయండి. ఒకసారి కలిపేశాక విడదీయడం చాలా శ్రమ. విలీనమయ్యాక ఒక నంబరు రెండోదానికి దారిమార్పు అవుతుంది, లింకు తెగదు, అయినా మ్యాప్‌లో మిగిలిన నంబరు పెట్టేయడం మంచిది.

ఒకే నంబరు మూడు చోట్ల ఉంది

నాగార్జునసాగర్ తీసుకోండి. ఆ పేరు వినగానే మనకి డ్యామ్, దాని వెనక నీళ్లు, పక్కన టౌను అన్నీ ఒకటిగానే గుర్తొస్తాయి. మ్యాప్‌లో అవి వేరువేరు. ఆనకట్ట ఒక గీత, జలాశయం పెద్ద బహుభుజి, ఊరు ఒక చుక్క. ఎవరో అన్నిటికీ ఒకే నంబరు ఇచ్చారనుకోండి, యాప్‌లో ఒకే వ్యాసం మూడు చోట్ల కనబడుతుంది, ఆనకట్ట గురించి రాసిన పొడవు, ఎత్తు ఊరికి అంటుకుంటాయి.

వ్యాసం మొదటి వాక్యం చదవండి. "నాగార్జునసాగర్ ఒక ఆనకట్ట" అని మొదలైతే నంబరు ఆనకట్టకే. జలాశయానికి వికీడేటాలో విడిగా అంశం ఉంటే దానికి ఇవ్వండి, లేకపోతే ఖాళీగా వదిలేయండి. ఖాళీ ట్యాగు తప్పు ట్యాగు కంటే నయం. నదుల విషయంలోనూ ఇంతే. మూసీ నదిని మ్యాప్‌లో ముక్కలు ముక్కలుగా గీస్తారు, ప్రతి ముక్కకీ నంబరు పెట్టకుండా ఆ ముక్కలన్నిటినీ కలిపే రిలేషన్‌కి ఒక్కసారి పెడితే చాలు.

జిల్లాలు మారాక లింకులు కలగాపులగం అయ్యాయి

దీనికి ఓపిక కావాలి. వరంగల్ జిల్లా అన్న పేరు చూడండి. 2016 అక్టోబరుకి ముందు అది పెద్ద ఉమ్మడి జిల్లా. ఆ తర్వాత వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్, జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి అయింది. 2019లో ములుగు విడిపోయింది. 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ పేరు హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ పేరు వరంగల్ అయింది. అంటే ఇప్పటి వరంగల్ జిల్లా సరిహద్దుకి పెట్టాల్సింది ఒకప్పటి రూరల్ జిల్లా అంశం నంబరు, ఉమ్మడి జిల్లాది కాదు. పేరు చూసి లింకు ఇచ్చినవాళ్లు ఇక్కడ తప్పకుండా పొరబడతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 జిల్లాలు 26 అయినప్పుడూ ఇదే గందరగోళం. వికీడేటాలో ఏర్పడిన తేదీ, రద్దయిన తేదీ ఉంటే వాటిని చూసి నిర్ణయించండి. లేకపోతే వ్యాసంలో ఏ మండలాల జాబితా ఇచ్చారో మ్యాప్ సరిహద్దుతో పోల్చండి.

వ్యాసంలో మ్యాప్ పెట్టినా సరిహద్దు గీత రావడం లేదు

వికీపీడియాలో మ్యాపులు చూపించే కార్టోగ్రాఫర్, వికీడేటా నంబరు పట్టుకుని ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి ఆకారాన్ని తెస్తుంది. నంబరు చుక్కకి మాత్రమే ఉండి సరిహద్దు రిలేషన్‌కి లేకపోతే గీత రాదు. సరిహద్దు ఎక్కడో ఒక చోట తెగి ఉన్నా రాదు. రిలేషన్ తెరిచి ట్యాగు, చుట్టూ గీత మూసుకుందో లేదో చూడండి. రెండూ సరిగ్గా ఉంటే కాసేపు ఆగాలి, మార్పు అక్కడికి చేరడానికి కొంత సమయం పడుతుంది. ఫోన్ యాప్‌ల సంగతీ అంతే. ఆస్మాండ్ లాంటివి డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్ మీద పనిచేస్తాయి కాబట్టి, కొత్త మ్యాప్ దించుకునే దాకా పాత లింకే కనబడుతుంది.

పని తొందరగా అవ్వాలని చేసే పొరపాట్లు

మండలంలోని ఊళ్లన్నిటికీ పేర్లు పోల్చి ఒకేసారి నంబర్లు ఎక్కించేద్దామని అనిపిస్తుంది. దయచేసి వద్దు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో అలాంటి సామూహిక మార్పులకి ముందు సముదాయంతో చర్చించాలన్న నియమం ఉంది, చిలుకూరు లాంటి ఊళ్లు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. అలాగే లింకు ఇవ్వడం వేరు, సమాచారం కాపీ చేయడం వేరు. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌ది ఓడీబీఎల్ లైసెన్సు (షరతులున్నది), వికీడేటాది సీసీ-జీరో (ఏ షరతూ లేనిది). మ్యాప్‌లోని స్థానాలను పెద్ద ఎత్తున తెచ్చి వికీడేటాలో పోయకూడదు. వ్యాసంలో ఉన్న అక్షాంశ రేఖాంశాలు కూడా చాలాసార్లు వేరే కంపెనీల మ్యాపుల నుంచి తీసినవే, కాబట్టి వాటిని చూసి మ్యాప్‌లో చుక్క పెట్టకండి. నంబరు ఒక్కటీ ఇచ్చుకోవడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ఓవర్‌పాస్ టర్బో అనే మ్యాప్ వెతికే సైటులో మీ మండలం వరకూ తెరపై ఉంచి, వికీపీడియా ట్యాగు ఉండి వికీడేటా ట్యాగు లేనివాటిని వెతకండి. బ్రౌజర్‌లోని ఐడీ ఎడిటర్‌లో వ్యాసం పేరు మళ్లీ ఎంచుకుంటే నంబరు దానంతటదే చేరుతుంది. జోసమ్ (కంప్యూటర్లో వేసుకునే ఎడిటర్) వాడేవాళ్లకి వికీపీడియా ప్లగిన్ ఉంది. సేవ్ చేసేటప్పుడు వ్యాఖ్య పెట్టెలో "లింకు సరిచేశాను" అని ఊరుకోకుండా, "మొయినాబాద్ చిలుకూరు నంబరు తీసి, సూర్యాపేట జిల్లా చిలుకూరుది పెట్టాను" అని రాయండి. నా తప్పు పట్టుకున్న మ్యాపర్ రాసింది కూడా అలాంటి వాక్యమే. అది చదివాకే ఆ ఒక్క రోజులో నేను పెట్టిన లింకులన్నీ మళ్లీ తెరిచి చూశాను, ఇంకో రెండు దొరికాయి.