అప్పు తీరని కొత్త కారును డీలరుకు తిరిగి అమ్మిన విధానం (నా అనుభవం)

విజయవాడలో, ఏడాదైనా నిండని మా కారును అమ్మబోతే, ఆర్‌సీలో (రిజిస్ట్రేషన్ పత్రంలో) బ్యాంకు హైపోథికేషన్, అంటే కారు అప్పుకు తాకట్టులో ఉందన్న నమోదు చూసి, డీలర్లు ధర చెప్పారే కానీ కొనడానికి ముందుకు రాలేదు. ప్రకటనలు, బ్రోకర్లు, అప్పు తీర్చేందుకు చేబదులు ప్రయత్నాలు ఏవీ ఫలించలేదు.

చివరికి ఒక డీలరుతో ఇలా కుదిరింది. ముందుగా బ్యాంకు నుంచి ఫోర్‌క్లోజర్ స్టేట్‌మెంట్ (అప్పును గడువుకు ముందే పూర్తిగా తీర్చడానికి ఎంత కట్టాలో చెప్పే పత్రం) తీసుకున్నాను. ఆ మొత్తం ఏ తేదీ వరకు చెల్లుతుందో అందులోనే ఉంటుంది, అది దాటితే వడ్డీ చేరి లెక్క మారుతుంది. దాన్ని చూపి, బాకీని ఆర్‌టీజీఎస్ (బ్యాంకుల మధ్య పెద్ద మొత్తాల బదిలీ) ద్వారా నేరుగా నా లోన్ ఖాతాకు, మిగిలినది నాకు చెల్లించేటట్లు డీలరు చేత లెటర్‌హెడ్‌పై రాయించుకున్నాను. ఖాతా మూసి, నిరభ్యంతర పత్రంతో పాటు ముద్ర వేసిన ఫారం 35 (ఆర్‌సీలోంచి హైపోథికేషన్ తీసేయడానికి ఇచ్చేది) బ్యాంకు ఇచ్చాకే, యాజమాన్యం మార్పిడికి వాడే ఫారం 29, 30లపై సంతకాలు చేసి తాళాలు అప్పగించాను. అంతవరకూ డీలరు ముఖం చిట్లించుకునే ఉన్నాడు, అది వేరే సంగతి.

ధర కన్నా బాకీ ఎక్కువైతే తేడా మనమే కట్టాలి. ఇతరుల ఖాతా నుంచి చెల్లింపును అన్ని బ్యాంకులూ ఒప్పుకుంటాయని మాత్రం చెప్పలేను.